అల్పపీడనం, లో ప్రెషర్: ‘తక్కువ’ అంటే దేనికంటే తక్కువ?

ప్రశ్న

నమస్కారం. ‘అల్పపీడనం మరింత బలపడి వాయుగుండంగా మారింది’ అనే వాక్యాన్ని వార్తల్లో చదివిన ప్రతిసారీ నాకు ఒకే సందేహం కలుగుతుంది. పీడనం అల్పంగా ఉందని చెబుతూనే అది బలపడిందని ఎలా అంటారు? బలపడటమంటే అక్కడ పీడనం పెరిగిందని అర్థం చేసుకోవాలా, తగ్గిందని అర్థం చేసుకోవాలా? తర్వాత ‘బలహీనపడింది’ అని చదివినప్పుడు ఈ గందరగోళం రెట్టింపవుతోంది.

ఇదే మాట ‘లో ప్రెషర్’ రూపంలో నీటి కుళాయి దగ్గర, గ్యాస్ రెగ్యులేటరు మీద, వాహనాల టైర్ల విషయంలో, రక్తపోటు చూసే పరికరం ముందు, చివరికి ఉద్యోగాల గురించిన చర్చల్లో కూడా వినిపిస్తుంది. వీటన్నింటిలో దాని అర్థం ఒక్కటేనా, లేక పేరు మాత్రమే ఒక్కటా? ఎంతకు దిగితే పీడనాన్ని ‘అల్పం’ అనాలో చెప్పే సంఖ్య ఏదైనా ఉందా? ప్రమాణ వైశాల్యంపై లంబంగా పనిచేసే బలమే పీడనం అనే పాఠ్యపుస్తక నిర్వచనం నాకు తెలుసు. ఆ నిర్వచనం నుంచి ఈ వాడుకల వరకు ఉన్న దారి మాత్రం కనిపించడం లేదు. తెలిసినవారు వివరించగలరని కోరుతున్నాను.

మొదటి సమాధానం (భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు)

మీ చివరి సందేహాన్ని ముందుగా తీసుకుంటాను, ఎందుకంటే మిగిలినవన్నీ దానిమీదే ఆధారపడి ఉన్నాయి. అటువంటి సంఖ్య ఏదీ లేదు. ‘తక్కువ’ అనే విశేషణం వెనుక ఎప్పుడూ ఒక పోలిక దాగి ఉంటుంది. ఆ పోలిక దేనితో అన్నది ఒక్కొక్క రంగంలో ఒక్కొక్క విధంగా ఉంటుంది కాని, ఆ రంగంలో పనిచేసేవారికి అది ముందే తెలిసి ఉంటుంది కనుక ఎవరూ దానిని పైకి చెప్పరు. బయటి నుంచి వినేవారికి తికమక కలగడానికి కారణం ఇదే.

మనం గాలి సముద్రం అడుగున నివసిస్తున్నాం. సముద్రమట్టం వద్ద ఆ గాలి కలిగించే ప్రామాణిక పీడనం 1013.25 హెక్టోపాస్కల్‌లు. (పాస్కల్ పీడనాన్ని కొలిచే ప్రమాణం, వంద పాస్కల్‌లు ఒక హెక్టోపాస్కల్.) పాదరసం ఎత్తుగా చెబితే 760 మిల్లీమీటర్లు, బరువుగా చెబితే ఒక చదరపు మీటరుపై పది టన్నులకు కొంచెం ఎక్కువ. ఇంత బరువు మనకు తెలియకపోవడానికి కారణం అన్ని వైపుల నుంచి, శరీరం లోపల నుంచి కూడా అదే పీడనం పనిచేస్తూ ఉండటం. ఇటలీ శాస్త్రవేత్త టారిసెల్లి 1643లో పాదరసపు గొట్టంతో ఈ పీడనాన్ని కొలిచి చూపాడు. అంతకుముందు ‘పీల్చడం’ అనే ఒక ప్రత్యేకమైన లాగే శక్తి ఉందని చాలామంది నమ్మేవారు. నిజానికి గొట్టంతో పానీయాన్ని తాగేటప్పుడు మనం చేసేది నోటిలోని పీడనాన్ని తగ్గించడం మాత్రమే, ద్రవాన్ని పైకి నెట్టేది బయటి గాలి. అందువల్లనే ఎంత శక్తిమంతమైన మోటారు పెట్టినా నేలమీద ఉన్న పంపు నీటిని 10.3 మీటర్ల కంటే లోతు నుంచి పీల్చలేదు. ఆచరణలో ఏడెనిమిది మీటర్ల దగ్గరే దాని శక్తి ఉడిగిపోతుంది. అంతకంటే లోతైన బావులలో పంపును నీటిలోకే దింపడానికి కారణం ఇదే.

ఇక్కడ రెండు కొలబద్దలు ఏర్పడతాయి. శూన్యం నుంచి మొదలుపెట్టి లెక్కించేది పరమ పీడనం. చుట్టూ ఉన్న గాలి పీడనాన్ని సున్నాగా తీసుకుని, దానికి ఎంత ఎక్కువో తక్కువో చెప్పేది గేజ్ పీడనం. పంక్చరైన టైరుకు మీటరు పెడితే సున్నా చూపుతుంది. ఆ టైరులో గాలి బొత్తిగా లేదని దాని అర్థం కాదు, లోపలి పీడనం బయటి పీడనంతో సమానమైందని మాత్రమే. ఇద్దరు వ్యక్తులు ఒకే పాత్రలోని పీడనం గురించి మాట్లాడుతూ, ఒకరు పరమ పీడనాన్ని, మరొకరు గేజ్ పీడనాన్ని మనసులో పెట్టుకుంటే ఆ సంభాషణ ఎప్పటికీ తెమలదు. ఈ రెండింటి మధ్య తేడా దాదాపు 1013 హెక్టోపాస్కల్‌లు మరి.

మరొక మాట చెప్పి ముగిస్తాను. పీడనం తక్కువగా ఉండటం వల్ల దానంతట అదే ఏమీ జరగదు. పక్కన ఎక్కువ పీడనం ఉన్నప్పుడే గాలి గాని, నీరు గాని, ఆవిరి గాని కదులుతుంది. కనుక ఎక్కడ ‘లో ప్రెషర్’ అని విన్నా, ‘దేనికంటే?’ అని అడగడం అలవాటు చేసుకోండి.

రెండవ సమాధానం (వాతావరణ పటాలు గీయడంలో అనుభవం ఉన్న వ్యక్తి)

ఉపాధ్యాయులు చెప్పిన ‘దేనికంటే?’ అనే ప్రశ్నకు వాతావరణ శాస్త్రంలో జవాబు ఇది: అదే మట్టంలో చుట్టుపక్కల ఉన్న గాలి కంటే. ఇందులో 1013 అనే సంఖ్యకు ప్రత్యేక స్థానం లేదు. చుట్టూ 1020 ఉన్నప్పుడు మధ్యలో 1014 ఉంటే అది అల్పపీడనమే. చుట్టూ 1004 ఉన్నప్పుడు మధ్యలో 1010 ఉంటే అది అధిక పీడనం. పటం మీద సమాన పీడనం ఉన్న ప్రదేశాలను కలుపుతూ గీసే సమభార రేఖ చుట్టూ తిరిగి తనను తానే కలుసుకుని, దాని లోపల పీడనం తక్కువగా ఉంటే అక్కడ అల్పపీడనం ఏర్పడిందంటాం. రేఖ మూసుకోకుండా పొడుగ్గా సాగిన లోయలాగా ఉంటే దానిని ద్రోణి అంటాం. నేల దగ్గర కాక పైన కొన్ని కిలోమీటర్ల ఎత్తులో గాలులు సుడి తిరుగుతుంటే, నేలమీద పీడనం ఇంకా పెద్దగా తగ్గకపోయినా, దానిని ఉపరితల ఆవర్తనం అని పిలుస్తారు. వార్తల్లో ఈ మూడు మాటలూ ఒకే ఊపులో వస్తాయి కాని మూడూ వేర్వేరు స్థితులు.

ఇక ‘బలపడింది’ అనే మాట సంగతి. బలపడేది పీడనం కాదు, ఆ అల్పపీడన వ్యవస్థ. కేంద్రంలో పీడనం మరింత తగ్గి, కేంద్రానికీ అంచుకూ మధ్య తేడా పెరిగి, సమభార రేఖలు దగ్గరదగ్గరగా చేరి, గాలి వేగం హెచ్చితే వ్యవస్థ బలపడిందంటారు. కేంద్రంలో పీడనం తిరిగి పెరుగుతూ చుట్టుపక్కల పీడనంతో సమానం కావడం మొదలైతే బలహీనపడిందంటారు. అంటే మీటరులోని సంఖ్య, వార్తలోని క్రియ ఒకదానికొకటి ఎదురుగా నడుస్తాయి. మీ తికమక సహజమైనదే.

ఉత్తర హిందూ మహాసముద్రంలో ఈ మెట్లను గాలి వేగాన్ని బట్టి నిర్ణయిస్తారు. సుడి చుట్టూ గాలి గంటకు 31 కిలోమీటర్ల లోపు ఉంటే అల్పపీడనం, 31 నుంచి 49 వరకు వాయుగుండం, 50 నుంచి 61 వరకు తీవ్ర వాయుగుండం, 62 దాటితే తుపాను. ఆపైన తీవ్ర తుపాను మొదలుకొని ఇంకా అనేక మెట్లు ఉన్నాయి. ఇతర సముద్రాలలో పేర్లు, మెట్ల సంఖ్య మారతాయి. మెట్లకు కొలమానం పీడనం కాదు, గాలి వేగం అన్నది గమనించండి. పేరు పీడనం నుంచి వచ్చింది, కొలత మాత్రం దాని ఫలితం నుంచి తీసుకుంటారు.

తక్కువ పీడనం ఉన్న చోటికి చుట్టూ ఉన్న గాలి నేరుగా దూసుకువచ్చి ఆ లోటును వెంటనే ఎందుకు పూడ్చదు అనేది మీరు తప్పక అడగవలసిన తదుపరి ప్రశ్న. భూమి తిరుగుతూ ఉండటం వల్ల కదిలే గాలి ఉత్తరార్ధగోళంలో తన దారికి కుడివైపుకు, దక్షిణార్ధగోళంలో ఎడమవైపుకు మళ్లుతుంది. ఫలితంగా గాలి కేంద్రంలోకి దూకకుండా దాని చుట్టూ తిరుగుతుంది: ఉత్తరాన అపసవ్య దిశలో, దక్షిణాన సవ్య దిశలో. బైస్ బాలట్ అనే డచ్ శాస్త్రవేత్త 1857లో దీనిని ఎవరైనా వాడుకోగల సూత్రంగా ప్రకటించాడు. ఉత్తరార్ధగోళంలో గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడన కేంద్రం మీ ఎడమ చేతివైపు ఉంటుంది. పాత కాలపు నావికులకు ఈ ఒక్క వాక్యం ప్రాణరక్షణ మంత్రమైంది.

నేలకు, సముద్రానికి దగ్గరగా ఉన్న పొరలో మాత్రం ఘర్షణ ఉంటుంది. దానివల్ల గాలి కొంతకొంతగా కేంద్రంలోకి జారుతుంది. అక్కడ చేరిన గాలికి కిందికి పోయే దారి లేదు కనుక పైకి లేస్తుంది. పైకి లేచిన గాలి వ్యాకోచించి చల్లబడుతుంది, అందులోని నీటి ఆవిరి బిందువులుగా మారి మేఘం కడుతుంది. ఆవిరి నీరయ్యేటప్పుడు విడుదలయ్యే గుప్తోష్ణం ఆ గాలి స్తంభాన్ని వేడెక్కించి మరింత తేలికపరుస్తుంది. పైన, పది పదిహేను కిలోమీటర్ల ఎత్తులో, గాలి బయటికి వెళ్లిపోయే వేగం కింద లోపలికి వచ్చే వేగం కంటే ఎక్కువగా ఉన్నంతకాలం కేంద్రంలో పీడనం పడిపోతూనే ఉంటుంది. వెచ్చని సముద్రం మీద, సాధారణంగా నీటి ఉష్ణోగ్రత 26.5 డిగ్రీల సెల్సియస్ దాటిన చోట, భూమధ్యరేఖకు కనీసం ఐదు డిగ్రీల దూరంలో ఈ చక్రం తుపాను దాకా సాగగలదు. నేలమీదికి రాగానే ఆవిరి సరఫరా తెగి, ఘర్షణ పెరిగి వ్యవస్థ కుంగిపోతుంది.

అల్పపీడనం అనగానే వాన అనుకోవడం కూడా పూర్తిగా సరికాదు. ఎండకు బాగా కాగిన ఎడారుల మీద వేసవిలో గాలి తేలికై పీడనం తగ్గుతుంది, అది కూడా పటం మీద అల్పపీడనమే. తేమ లేనందువల్ల అక్కడ ధూళి తప్ప మేఘం కనిపించకపోవచ్చు.

ఒక్క సంఖ్య చెబుతాను. సముద్రమట్టం వద్ద ఇప్పటివరకు నమోదైన అత్యల్ప పీడనం 870 హెక్టోపాస్కల్‌లు. దానిని 1979 అక్టోబరు 12న పశ్చిమ పసిఫిక్‌లో టిప్ అనే టైఫూన్ కేంద్రంలో కొలిచారు. సాధారణమైన అల్పపీడనంలో తగ్గుదల చాలాసార్లు పది హెక్టోపాస్కల్‌ల లోపే, అంటే మొత్తం పీడనంలో ఒక శాతం లోపే ఉంటుంది. ఒక శాతం తేడా రోజుల తరబడి వాన కురిపించగలదు.

మూడవ సమాధానం (యంత్ర నిర్వహణ ఇంజినీరు)

పై రెండు సమాధానాలూ చదివితే ‘లో ప్రెషర్’ అంటే చుట్టూ ఉన్నదాని కంటే తక్కువ అనే అభిప్రాయం కలుగుతుంది. కర్మాగారాల్లో, ఇళ్లలో వాడే అర్థం చాలావరకు అది కాదు. వంట గ్యాస్ సంగతే తీసుకోండి. సిలిండరులో వాయువు వాతావరణ పీడనానికి అనేక రెట్ల పీడనంలో ఉంటుంది. ఇళ్లలో వాడే లో ప్రెషర్ రెగ్యులేటరు దానిని వాతావరణ పీడనానికి సుమారు 30 మిల్లీబార్లు (మిల్లీబారు అన్నా హెక్టోపాస్కల్ అన్నా ఒకటే) మాత్రమే ఎక్కువ ఉండేలా దించి పొయ్యికి పంపుతుంది. ‘లో’ అని రాసి ఉన్నా అది బయటి గాలి కంటే ఎక్కువే. అలా లేకపోతే వాయువు బర్నరు నుంచి బయటికే రాదు. ఇక్కడి పోలిక సిలిండరుతో, పెద్ద పొయ్యిలకు వాడే హై ప్రెషర్ రెగ్యులేటరుతో. ఒకదాని బదులు మరొకటి బిగించడం ఎందుకు ప్రమాదమో దీన్నిబట్టే అర్థమవుతుంది.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ పాత తరహా సోడియం వీధి దీపాలు. లో ప్రెషర్ సోడియం దీపంలో సోడియం ఆవిరి పీడనం ఒక పాస్కల్ చుట్టుపక్కల మాత్రమే ఉంటుంది. అందుకే ఆ కాంతి దాదాపు మొత్తం 589 నానోమీటర్ల దగ్గర, ఒకే పసుపు రంగులో వెలువడుతుంది, దాని కింద ఎరుపు వస్త్రం, నీలి వస్త్రం తేడా తెలియవు. హై ప్రెషర్ సోడియం దీపంలో పీడనం పెరగడం వల్ల ఆ పసుపు గీత విస్తరించి ఇతర రంగులు కూడా కనిపిస్తాయి. వింత ఏమిటంటే, ఆ ‘హై ప్రెషర్’ దీపంలో కూడా సోడియం ఆవిరి వాటా వాతావరణ పీడనంలో సుమారు పదో వంతు మాత్రమే. అంటే గాలి కంటే ఎక్కువ పీడనాన్ని ‘లో’ అనే రెగ్యులేటరు, గాలి కంటే తక్కువ పీడనాన్ని ‘హై’ అనే దీపం ఒకే ఊరిలో ఉంటాయి. వస్తువుమీద రాసిన మాటను ఆ వస్తువు కుటుంబంతోనే పోల్చి చదవాలి.

పెద్ద థర్మల్ విద్యుత్కేంద్రాల్లో ఆవిరి మూడు టర్బైన్ల గుండా సాగుతుంది: హై ప్రెషర్, ఇంటర్మీడియట్, లో ప్రెషర్. బయటివారు లో ప్రెషర్ టర్బైను చిన్నదై ఉంటుందనుకుంటారు. నిజానికి మూడింటిలో అదే భారీది. పీడనం పడిపోయిన కొద్దీ ఆవిరి వ్యాకోచిస్తుంది, అంత ఆవిరిని పట్టడానికి చివరి వరుస రెక్కలు కొన్నింటిలో మీటరు పొడవు కూడా మించుతాయి. ఆ టర్బైను బయటికి వదిలే ఆవిరి, దానిని చల్లబరచి నీరుగా మార్చే కండెన్సరులోకి చేరుతుంది, అక్కడ పీడనం వాతావరణ పీడనంలో పదో వంతు లేదా అంతకంటే తక్కువ. ఆ పీడనంలో నీరు దాదాపు 46 డిగ్రీలకే మరుగుతుంది. కండెన్సరులోకి ఎక్కడైనా బయటి గాలి చొరబడి అక్కడి పీడనం కొంచెం పెరిగితే చాలు, ఉత్పత్తి తగ్గుతుంది. మా పనిలో ‘వాక్యూమ్ పడిపోయింది’ అంటే పీడనం పెరిగిందని అర్థం. వాతావరణ వార్తల్లోని ‘బలహీనపడింది’కి ఇది దగ్గరి బంధువే. ఈ ఉపాయానికి మూలపురుషులు పాతవారు. న్యూకొమెన్ అనే ఆంగ్లేయుడు 1712లో నిర్మించిన ఆవిరి యంత్రంలో సిలిండరులోని ఆవిరిని చల్లబరచి పీడనం తగ్గిస్తే బయటి గాలే ముషలకాన్ని (పిస్టన్‌ను) కిందికి నెట్టేది. జేమ్స్ వాట్ 1769లో పేటెంటు పొందిన వేరు కండెన్సరు దానిని మెరుగుపరచింది. అధిక పీడనపు ఆవిరి ప్రమాదకరమని వాట్ దానిని చివరివరకు ఇష్టపడలేదు.

నీటి కుళాయి గురించి అడిగారు కదా. ట్యాంకులోని నీటిమట్టం కుళాయి కంటే ఎంత ఎత్తులో ఉందన్నదే అక్కడి పీడనం. పది మీటర్ల ఎత్తుకు దాదాపు ఒక బారు (వెయ్యి మిల్లీబార్లు), మూడు మీటర్లకు 0.3 బారు. ట్యాంకు వెడల్పుకు దీనితో సంబంధం లేదు. అయితే ‘ప్రెషర్ లేదు’ అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం పీడనం కాదు, ప్రవాహం. గొట్టం లోపల తుప్పు పట్టినా, వాల్వు సగమే తెరుచుకున్నా, కుళాయి మూసి ఉన్నప్పుడు మీటరు సరైన పీడనాన్నే చూపుతుంది. కుళాయి తెరవగానే అది కుప్పకూలుతుంది, ఎందుకంటే గొట్టంలో ఘర్షణ వల్ల పోయే పీడనం ప్రవాహ వేగానికి దాదాపు వర్గానుపాతంలో పెరుగుతుంది. అందువల్ల కుళాయిలన్నీ మూసి ఒకసారి, ఒకటి తెరిచి మరొకసారి పీడనం చూడండి. రెండుసార్లూ తక్కువే అయితే ట్యాంకు ఎత్తు చాలదు లేదా సరఫరాలోనే లోపం ఉంది. మొదటిసారి బాగుండి రెండోసారి పడిపోతే ఎక్కడో అడ్డంకి ఉంది. ఈ తేడా చూడకుండా మోటారు కొనేవారిని చూస్తే జాలి వేస్తుంది.

టైర్ల విషయం క్లుప్తంగా చెబుతాను. అక్కడ పోలిక వాహన తయారీదారు సూచించిన సంఖ్యతో, అదీ టైరు చల్లగా ఉన్నప్పటి సంఖ్యతో. ఉష్ణోగ్రత పది డిగ్రీలు తగ్గితే కారు టైరులో దాదాపు ఒకటిన్నర పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) తగ్గుతుంది. గాలి తక్కువైన టైరు పక్కగోడలు అతిగా వంగి వేడెక్కుతాయి, అంచులు ముందుగా అరుగుతాయి. ఇసుకలో, బురదలో నడిపేవారు మాత్రం కావాలనే గాలి తగ్గిస్తారు, అప్పుడు టైరు వెడల్పుగా పరుచుకుని కూరుకుపోకుండా ఉంటుంది.

నాలుగవ సమాధానం (వైద్యరంగంలో పనిచేస్తున్న వ్యక్తి)

రక్తపోటు కూడా గేజ్ పీడనమే అన్న సంగతి చాలామందికి తట్టదు. 120 మిల్లీమీటర్ల పాదరసం అంటే బయటి గాలి కంటే 120 ఎక్కువ అని. పరమ పీడనంగా చెప్పాలంటే సముద్రమట్టం వద్ద అది 880 అవుతుంది. అందువల్ల ‘వాతావరణంలో అల్పపీడనం ఏర్పడింది కనుక నాకు లో బీపీ వచ్చింది’ అనే వాదనకు ఆధారం లేదు. బయటి పీడనం శరీరంలోని అన్ని భాగాలపైన సమానంగానే తగ్గుతుంది, తేడా మారదు. ఎత్తైన కొండలమీదికి వెళ్లినప్పుడు బయటి పీడనం ఎంతో పడిపోతుంది కాని, ఆక్సిజన్ కొరతకు శరీరం స్పందించడం వల్ల మొదటి రోజుల్లో రక్తపోటు తగ్గడానికి బదులు కొంత పెరగడమే ఎక్కువగా కనిపిస్తుంది.

సాధారణంగా 90/60 కంటే తక్కువ ఉంటే తక్కువ రక్తపోటు అంటారు. అయితే ఈ సంఖ్యను ఒంటరిగా చూడకూడదు. ఆరోగ్యంగా ఉన్న యువతుల్లో, క్రమం తప్పక వ్యాయామం చేసేవారిలో 90 దగ్గర ఉండి, ఏ బాధా లేకపోతే అది వారి సహజ స్థితే కావచ్చు. ఎప్పుడూ 150 ఉండే వ్యక్తికి ఒక్కసారిగా 100కు పడిపోతే, ఆ 100 పుస్తకం ప్రకారం బాగానే ఉన్నా, ఆ వ్యక్తికి అది ప్రమాద సూచన. లేచి నిలబడిన మూడు నిమిషాల్లోపు పై సంఖ్య 20 గాని, కింది సంఖ్య 10 గాని తగ్గితే దానికి వేరే పేరు, వేరే పరీక్షలు ఉన్నాయి. కళ్లు తిరగడం, తూలిపడటం ఉన్నవారు పడుకుని ఒకసారి, నిలబడి ఒకసారి కొలిపించుకోవాలి. రక్తస్రావం, తీవ్రమైన విరేచనాలు, జ్వరంతో కూడిన ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు రక్తపోటు పడిపోయి, చర్మం చల్లబడి, మనిషి మగతగా అయితే అది అత్యవసర స్థితి, ఆసుపత్రికి వెంటనే తీసుకువెళ్లాలి.

వాడుకలో ఒక చిక్కు కూడా ఉంది. ‘ఆయనకు బీపీ ఉంది’ అంటే అందరూ అధిక రక్తపోటు అనే అర్థం చేసుకుంటారు. కనుక తక్కువ రక్తపోటు ఉన్నవారు వైద్యులతో మాట్లాడేటప్పుడు ‘బీపీ ఉంది’ అని ఊరుకోకుండా ‘లో బీపీ’ అని, వీలైతే సంఖ్యతో సహా చెప్పాలి.

ఐదవ సమాధానం

ఉద్యోగాల సంగతి ఎవరూ ముట్టుకోలేదు కనుక నేను రెండు మాటలు రాస్తాను. ‘లో ప్రెషర్ ఉద్యోగం’, ‘లో ప్రెషర్ సేల్స్’ అన్నప్పుడు అక్కడ మీటరు లేదు, మనసుకు తెలిసే ఒత్తిడి ఉంది. మొదటిదానిలో గడువుల తొందర, పైవారి వెంటాట తక్కువ. రెండోదానిలో అమ్మే వ్యక్తి కొనమని వెంటపడకుండా, ఆలోచించుకోవడానికి సమయం ఇస్తాడు. వీటిని తెలుగులో రాసేటప్పుడు ‘ఒత్తిడి తక్కువ ఉన్న ఉద్యోగం’, ‘బలవంతపెట్టని అమ్మకం’ అంటే సరిపోతుంది. యంత్రానువాదాల్లో ‘అల్పపీడన ఉద్యోగం’ అని చూశాను. ఆ ఉద్యోగంలో చేరేవారు గొడుగు తీసుకెళ్లాలేమో. అయినా ఇక్కడ కూడా పోలిక ఉంది. అత్యవసర విభాగం నుంచి వచ్చిన వ్యక్తికి తేలికగా తోచే పని మరొకరికి మోయలేనిదిగా అనిపించవచ్చు.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. ‘బలపడింది’ అనే మాట చిక్కుముడి విడిపోయింది. రెండవ సమాధానం రాసినవారిని మరొక్క విషయం అడగాలని ఉంది. నా ఫోనులో బారోమీటరు ఉంది. ఈ చర్చ చదివిన తర్వాత తెరిచి చూస్తే 948 హెక్టోపాస్కల్‌లు అని చూపుతోంది. ఆకాశం నిర్మలంగా ఉంది, ఆకు కూడా కదలడం లేదు. మీరు చెప్పిన లెక్కల ప్రకారం ఇది పెద్ద తుపాను కేంద్రంలో ఉండవలసిన పీడనం కాదా? ఫోను చెడిపోయిందా?

రెండవ సమాధానం రాసినవారి వివరణ

ఫోను బాగానే ఉంది, మీరు ఎత్తులో ఉన్నారు. సముద్రమట్టం దగ్గర ప్రతి ఎనిమిది మీటర్లకు సుమారు ఒక హెక్టోపాస్కల్ చొప్పున పీడనం తగ్గుతుంది. 5,500 మీటర్ల దగ్గర సగమే మిగులుతుంది. ఫ్రెంచ్ శాస్త్రవేత్త పాస్కల్ కోరిక మేరకు అతని బావ పెరియే 1648లో పాదరసపు గొట్టాన్ని కొండమీదికి మోసుకువెళ్లి, పైకి పోయిన కొద్దీ పాదరసం దిగడాన్ని చూశాడు. మీ ఫోనులోని 948, ప్రామాణిక పరిస్థితుల్లో, సముద్రమట్టానికి దాదాపు 560 మీటర్ల ఎత్తుకు సరిపోతుంది. నేను ముందు చెప్పిన టిప్ కేంద్రంలోని 870 హెక్టోపాస్కల్‌లు కూడా సుమారు 1,270 మీటర్ల ఎత్తున్న ప్రదేశాల్లో ప్రతిరోజూ ఉండే పీడనమే. అక్కడ జనం ప్రశాంతంగా జీవిస్తున్నారు, ఎందుకంటే వారి చుట్టూ అదే ఎత్తులో ఉన్న గాలి పీడనం కూడా అంతే. తుపానులో ఇళ్లు కూల్చేది 870 అనే సంఖ్య కాదు, కొద్ది పదుల కిలోమీటర్ల దూరంలో పీడనం అంతగా మారిపోవడం.

అందుకే వాతావరణ కేంద్రాలు తాము కొలిచిన పీడనాన్ని నేరుగా పటం మీద వేయవు. తమ ఎత్తును లెక్కలోకి తీసుకుని, అదే చోట సముద్రమట్టం ఉంటే ఎంత ఉండేదో గణించి ఆ విలువనే పంపుతాయి. అలా చేయకపోతే పటంలో ప్రతి కొండా శాశ్వతమైన అల్పపీడనంలాగా కనిపిస్తుంది. కొన్ని ఫోన్ అనువర్తనాల్లో కూడా ‘సముద్రమట్టానికి సవరించు’ అనే వీలు ఉంటుంది. మీ ఎత్తు సరిగా ఇస్తే 1010 చుట్టుపక్కల విలువ వస్తుంది.

మీరు ఆ బారోమీటరును వాడదలచుకుంటే విలువ కంటే మార్పును చూడండి. అందులోనూ ఒక జాగ్రత్త అవసరం. ఉష్ణమండలంలో ఏ తుపానూ లేకపోయినా పీడనం రోజుకు రెండుసార్లు పెరిగి తగ్గుతుంది: ఉదయం, రాత్రి పది గంటల ప్రాంతంలో ఎక్కువగా, తెల్లవారుజామున, సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలో తక్కువగా ఉంటుంది. ఈ ఊగిసలాట రెండు మూడు హెక్టోపాస్కల్‌ల వరకు ఉండవచ్చు కనుక, ఉదయం పదికి చూసి మళ్లీ సాయంత్రం నాలుగుకు చూసేవారు ప్రతిరోజూ అల్పపీడనం వస్తోందని భయపడతారు. ఈ రోజు నాలుగు గంటల విలువను నిన్నటి నాలుగు గంటల విలువతో పోల్చండి. ఆ తేడా మూడు నాలుగు హెక్టోపాస్కల్‌లు ఉండి, మరుసటి రోజు కూడా అలాగే తగ్గుతూ పోతే, అప్పుడు అధికారిక సూచనలను తెరిచి చూడండి.